సెల్లార్‌లో యూకేజీ

సాయంత్రం బడి వదిలే వేళ వ్యాన్లు వెనక్కి వస్తుంటే వినిపించే ఆ కీకీ మోతా, ఆ డీజిల్ పొగా నాకు ఇప్పటికీ పడవు. అమీన్‌పూర్‌లో నేను ప్రిన్సిపాల్‌గా ఉన్న ఈ బడిలో వ్యాన్లన్నీ సెల్లార్‌లోనే ఆగుతాయి. పిల్లలు రోడ్డెక్కే పని లేకుండా లోపలే ఎక్కుతారు. అంతా సవ్యంగానే ఉంటుంది. అయినా ఆ మోత వినగానే సలోమి మేడం గుర్తొస్తారు.

ముత్తంగి దగ్గర, కంటైనర్ లారీలు తెగ తిరిగే రోడ్డు పక్క బడిలో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. సంగారెడ్డి మనిషి, ఆ బడి ప్రిన్సిపాల్. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదని అందరూ అనేవారు. బడిలో మామీద పడేదీ ఆ గొంతే. చున్నీ సరిగా వేసుకోలేదని, పిల్లాడి ముక్కు తుడవలేదని, సుద్దముక్క సగంలో పారేశానని తిట్టేవారు. అబ్బ, ఆ మొదటి నెలంతా ఏడుపే. కానీ సాయంత్రం చివరి పిల్ల బండెక్కేదాకా గేటు దగ్గర నుంచి కదిలేవారు కారు. అది చూశాక కోపం ఎక్కువసేపు నిలిచేది కాదు.

నాకిచ్చింది యూకేజీ. ఆ క్లాసు సెల్లార్‌లో. మునిసిపాలిటీ ఆమోదించిన ప్లానులో అది పార్కింగ్. బడికొచ్చే బండ్లన్నీ లోపలే ఆగాలి, రోడ్డు మీద నిలబడకూడదని నిబంధన. పై అంతస్తులు నిండిపోయాక కరస్పాండెంట్ గారు, అంటే బడి యజమాని, కింద ప్లైవుడ్ అడ్డాలు పెట్టించి క్లాసులు నడిపించారు. బండ్లు రోడ్డు మీదికి పోయాయి. తనిఖీకి వస్తున్నారని ముందే కబురు అందేది. ఆ రోజు అడ్డాలు విప్పేసి, కంపెనీ షిఫ్టులకు తిరిగే వ్యాన్లను సైతం బతిమాలి తెచ్చి సెల్లార్ నింపేవారు. పిల్లల్ని డాబా ఎక్కించేవారు. ఇదంతా మేడమే దగ్గరుండి చేయించేవారు. బడి మూతపడితే ఈ కంపెనీ పనోళ్ల పిల్లలు ఎటు పోతారని అనేవారు. ఆ మాటలో అబద్ధం లేదు. అంత తక్కువ ఫీజుకు అక్కడ మరో బడి లేదు.

నేను చేరిన ఏడాది వానాకాలంలో ఒక పొద్దున, నా క్లాసు పిల్ల ఆయేషా రోడ్డు మీద ఆటో దిగి, దాని వెనక నుంచి చుట్టి రాబోయింది. లారీ మీదికొచ్చేసింది. గేటు దగ్గరున్న మేడం ఒక్క ఉరుకున వెళ్లి పిల్ల జబ్బ పట్టి లాగారు. పిల్ల దక్కింది. టిఫిన్ డబ్బా చక్రం కింద నలిగిపోయింది. డబ్బా పోయిందని అమ్మ కొడుతుందేమోనని తప్ప ఆ పిల్లకు ఇంకే బెంగా లేదు. ఆ రోజంతా మేడం ఎవరినీ తిట్టలేదు. అది చూసి మాకు మరీ భయమేసింది. మధ్యాహ్నం ఆవిడ గదిలోంచి వాదన వినిపించింది. కింద క్లాసులు ఖాళీ చేద్దామని ఈవిడ, ఈ ఒక్క ఏడూ ఓపిక పట్టమని కరస్పాండెంట్ గారు.

ఆ మరుసటి వారమే తనిఖీ. నేను యూకేజీ పిల్లలతో డాబా మీద ఉన్నాను. వాన వెలిసి ఎండ చురుక్కుమంటోంది. అందరి నోటి మీదా వేలు. కింద వ్యాన్లు ఒక్కొక్కటే వెనక్కి వెళ్తున్న మోత. ఒక పిల్లాడు నిక్కరు తడుపుకున్నాడు గానీ పెదవుల మీద వేలు మాత్రం తీయలేదు. చప్పుడు అవుతోందేమో చూద్దామని మేడం పైకి వచ్చారు. ఆ పిల్లాడి దగ్గర ఆగిపోయారు.

“ఎంత మంచిగ నేర్చుకున్నరో సూసినవా? మనం నేర్పిన సదువు ఇదే గదా, దాక్కునుడు,” అన్నారు. ఆవిడ పిల్లాడి తల నిమిరి, “నేను పోయి బండ్ల తాళాలు గుంజుకుంట. పిల్లలు కింద ఉన్నప్పుడు ఒక్క ఇంజన్ గూడ నడవొద్దు. పిలిచినంక అందర్ని దించు,” అన్నారు. మీ ఉద్యోగం పోతుంది మేడం అన్నాను. నాదీ పోతుందని పైకి అనలేదు. “పోతది,” అన్నారంతే.

మేము దిగేసరికి సెల్లార్‌లో మునిసిపాలిటీ ఆఫీసరు, పక్కన కరస్పాండెంట్ గారు నిలబడి ఉన్నారు. మేడం చేతి నిండా తాళాలు. “మీ మీ జాగల్ల కూసోండి బిడ్డా,” అన్నారు పిల్లలతో. వాళ్లు నా ముఖం చూశారు. నేను తలూపాను. బిలబిలమని వెళ్లి వ్యాన్ల మధ్య, టైర్ల పక్కన, ఎవరి చోట వాళ్లు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఆయేషా ఒక్కతే నిలబడిపోయింది.

“టీచర్, నా జాగల బండి ఉన్నది,” అంది.

కరస్పాండెంట్ గారి ముఖం మాడిపోయింది. ఆఫీసరు పిల్లల్ని లెక్కపెట్టి రాసుకున్నారు. తర్వాత నోటీసు వచ్చింది, సెల్లార్ ఖాళీ అయింది, ఆటోలూ వ్యాన్లూ లోపలికి వచ్చాయి. యూకేజీ వరండాలోకి మారి ఒంటిపూట బడి అయింది. ఇద్దరూ పనికి పోయే తల్లిదండ్రులు వచ్చి మేడాన్నే తిట్టిపోశారు, మధ్యాహ్నం పిల్లల్ని ఎవరు చూస్తారని. ఆవిడ గేటు దగ్గరే నిలబడి అన్నీ పడ్డారు. ఎండాకాలం సెలవుల్లో ఆవిడను తీసేశారు. తర్వాత కొండాపూర్ వైపు ఏదో చిన్న బడిలో చేరారు.

పోయిన ఏడు ఆవిడ చనిపోయారు. సమాధుల తోటలో అందరూ ఒకటే మాట, సలోమమ్మకు ఎవరన్నా భయం లేదని. నేను కాదనలేదు. ఆ తనిఖీ రోజు డాబా మెట్ల మలుపులో, పిల్లల్ని దించుకొస్తుంటే, ఆవిడ ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి గజగజ వణుకుతోంది. పిల్లలకు కనబడకుండా ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని, వదిలేసి, ముందు నడిచారు.

మొన్న సోమవారం మా చైర్మన్ గారు, వచ్చే ఏడు నర్సరీని సెల్లార్‌లో సర్దుదామన్నారు. వీల్లేదన్నాను. బల్ల కింద నా చేతులు వణికాయి. వణకనిచ్చాను.