గిజిగాళ్ళ చెట్టు కింద మాస్టారు

ఏ పక్షి కనబడినా దాని దాయాది జాతుల గురించి కూడా చెప్పందే ఊరుకోరు మా జువాలజీ మాస్టారు. ఉండే చోటు, రంగు, గూడు, ఆ వరసలోనే. చిలకలూరిపేట దగ్గర తన పత్తిచేని గట్టున ఈతచెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు కడితే, "జావా దీవిలోనూ ఇదే ఉందోయ్. అక్కడి దాయాదిది బంగారు పసుపు" అన్నారు నాతో.

ఆ ఏడు పత్తికి పురుగు పట్టింది. ఆ పురుగులనే పక్షులు పిల్లలకు పెడుతున్నాయి. ఆయన తమ్ముడు పురుగుమందు కొట్టడానికి వస్తే మాస్టారు చెట్టు పక్క సాలులో కూర్చున్నారు.

"లే అన్నయ్యా! పంట పోతే జావా వాళ్ళు పెడతారా కూడు?"

"పిల్లలు ఎగిరాక కొట్టుకో. అందాకా ఈ వైపు పురుగులు నేనేరతా."

"చేత్తోనా?"

మాస్టారు అప్పటికే ఆకులు తిప్పి చూస్తున్నారు. తమ్ముడు మందు డబ్బా దించి, గొణుక్కుంటూ పక్క సాలులో వంగాడు.