రాజుకు పరగడుపు మందు

ఈ రోజు పొద్దున మా కుక్క రాజుకు పొట్ట మీది కణితి తీయాల్సింది. మత్తు ఇస్తారు కాబట్టి రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నాడు డాక్టరు. నేను ఆటో మాట్లాడి వచ్చేలోపు, మా గౌలిపుర గల్లీలో పాలు పోసే యాదగిరన్న ఏదో మూలికల పొడిని గిన్నెడు పాలల్లో కలిపి వాడికి తాగించేశాడు. ఆస్పత్రిలో రాజు అదంతా కక్కాడు. ఆపరేషన్ వచ్చే వారానికి వాయిదా పడింది.

తిరిగొచ్చి నిలదీస్తే యాదగిరన్న నవ్వాడు.

“గడ్డ కరగాల్నంటే పరగడుపునే పొయ్యాలె తమ్మీ. ఇయ్యాల నువ్వేం పెట్టలే గదా, మంచి మోకా దొరికింది. ఫికర్ జెయ్యకు, రేపు గూడ పోస్త.”

ఈ వారంలో ఆ కణితి ఇంకెంత పెరుగుతుందో ఆయన పొడి చెబుతుందా?

మీ గల్లీల్లోనూ ఇలాంటి వైద్యులుంటే నా దగ్గరికి పంపండి. పరగడుపునే రమ్మనండి. మా ఇంట్లో కారప్పొడి ఉంది.