దాసప్ప ఇనుప మోకాలు

ధర్మవరంలో దాసప్ప మగ్గంలో కూర్చుంటే మనిషి సగమే కనబడేవాడు. మిగతా సగం గుంతలో ఉండేది. ఆ గుంతలో తొక్కుడు బద్దల మీద రెండు కాళ్లూ ఆడితేనే పట్టుచీర. అదే గుంతలో మేకు గుచ్చుకుని పుండైంది, పుండు కుళ్లింది. ఆసుపత్రిలో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

కట్టెకాలు పెట్టించుకుంటే నిలబడడానికి పనికొచ్చింది గానీ, వంగక గుంతలోకి దిగలేదు. పెనుకొండ కమ్మరి వెంకటేశులు దానికి మోకాలు చేశాడు. రెండు ఇనుప రెక్కలు, నడుమ వాటిని కలిపే ఒక శీల. యుద్ధకాలం, మంచి ఉక్కు దొరకక పాత బండిచక్రం ఇనుపపట్టా కోసి చేశాడు.

"దినామూ ఆముదం పొయ్యప్పా. ఎండితే అరిగిపోతాది," అన్నాడు.

దాసప్ప మళ్లీ మగ్గంలోకి దిగిననాడు పెళ్లాం ఓబులమ్మ నవ్వింది. "నీకంటే నీ కట్టెకాలే మేలు. చెప్పినట్టు వంగుతాండాది."

కానీ నేసిన బట్ట చుట్టుకునే కొయ్య సరిగ్గా మోకాలి మీదే ఉంటుంది. ఒకనాడు ఎర్రపట్టు మీద గచ్చకాయంత నల్లమరక పడింది. ఇనుపపొడి కలిసిన ఆముదం, ఎట్లా పోతుంది? పట్టు ఇచ్చే సావుకారు చీర తిప్పి చూసి, "ఇంకోసారి ఇట్లయితే నీకు పట్టు ఇయ్యను దాసప్పా," అన్నాడు.

ఆనాటితో దాసప్ప నూనె మానేసి, మోకాలికి గుడ్డ చుట్టాడు. గుడ్డలో పట్టు నూగూ గుంతదుమ్మూ చేరి ఆకురాయిలా పనిచేశాయి. మొదట కిర్రుమంది.

"ఏమబ్బా, గుంతలో కప్ప చేరిందా?" అని పక్కింటి నేతగాడు నారాయణప్ప ఎగతాళి చేశాడు.

తర్వాత కిర్రు కూడా పోయింది. కాలు ఊగసాగింది. ఒక బద్ద తొక్కబోతే పక్కది తొక్కేది. అంచులో పోగులు తప్పాయి. చీర సగంలో వదిలి దాసప్ప పెనుకొండ రైలెక్కాడు.

వెంకటేశులు శీల ఊడదీసి వెలుతురుకు పట్టాడు. నడుమ సన్నబడింది. రెక్కలో అది దూరే గుండ్రటి బెజ్జం చింతగింజలా సాగింది.

"కొత్త శీల వెయ్యి అన్నా."

"శీల వేస్తా. బెజ్జం యాడ నుంచి తెచ్చేది? పెద్దది చేస్తే రెక్క చీలిపోతాది. నూనె ఎందుకు మానితివి?"

"పట్టు మీద పడతాది."

వెంకటేశులు తన మోకాలు తడుముకున్నాడు. "మన మోకాలికి నూనె లోపలే ఊరతాది. ఇనుముకు నేను యాడ పుట్టించేదప్పా?"

"హిందూపురంలో ఎవరన్నా..."

"ఆడా ఇదే ఇనుము, ఇదే ఆముదం. కొత్తది చేసినా నూనె లేకుంటే ఇట్లే అరుగుతాది."

దాసప్ప ఇల్లు చేరాడు. ఓబులమ్మ ఆయన మొహం చూసింది. పోయి నారాయణప్పను పిలుచుకొచ్చింది. సావుకారు గడువు దగ్గరికొచ్చింది మరి. నారాయణప్ప గుంతలోకి దిగాడు.

దాసప్ప కట్టెకాలు విప్పి, గోడవార రాట్నం ముందు కూర్చుని, ఇన్నాళ్లూ ఓబులమ్మ చుట్టే పట్టుదారం కండెలు తాను చుట్టసాగాడు. తన మగ్గం చప్పుడు వెనకనుంచి వినడం అదే మొదటిసారి. దారం అయిపోయి చప్పుడు ఆగింది.

"దాసప్పా, కండె," అన్నాడు నారాయణప్ప.

దాసప్ప ఒంటికాలితో దేక్కుంటూ పోయి అందించాడు.