కుర్చీలో పావుగంట

మా పిన్ని నెయ్వాన్ భయస్తురాలని మార్షల్ దీవుల రాజధాని మజురోలో ఉన్న మావాళ్ళందరికీ తెలుసు. అయినా మా సొంతూరైన రోంగెలాప్ దీవుల మట్టినీ కొబ్బరికాయలనూ పరీక్షించే బృందంలో చేరడానికి మావాళ్ళలో ముందుకొచ్చింది ఆమే.

ఆమెకు ఆరేళ్ళప్పుడు, బికినీ దీవిలో అమెరికావాళ్ళు పేల్చిన అణుబాంబు బూడిద మా దీవి మీద తెల్లగా రాలింది. పిల్లలు దానితో ఆడుకున్నారు. చీకటి పడకముందే ఒళ్ళు మంటలు, వాంతులు. రెండు రోజుల తర్వాత ఓడ వచ్చి తీసుకెళ్ళింది. మూడేళ్ళకు, ఇక ఫరవాలేదు వెళ్ళండన్నారు. వెళ్ళి, ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడి తిండే తిన్నారు. పిన్నికి రెండు కాన్పులూ పోయాయి. గొంతులో గడ్డ లేస్తే కోసి తీశారు. చివరికి ఊరంతా పడవెక్కి వచ్చేసింది.

ఇప్పుడు మళ్ళీ అదే మాట. ఇళ్ళ చుట్టూ పైమట్టి తీసి పగడపు గులక పరిచారట. చెట్లకు పొటాష్ ఎరువు వేస్తే అవి విషాన్ని తక్కువ పీలుస్తాయట. రోంగెలాప్ దీవుల్లో దక్షిణపు దీవిలో ఉండొచ్చట.

పిన్ని తమ్ముడు, మా జెబ్టా మామయ్య, అప్పుడే మూట కట్టాడు.

"అక్కడి కొబ్బరి తినే పీతలు హాయిగా బతుకుతున్నాయి కదే అక్కా. వాటికి లేని భయం నీకెందుకు?"

"వాటి గొంతు ఎవరూ కొయ్యలేదురా," అంది పిన్ని.

మూడు నెలలు అక్కడి తిండి తిని, తర్వాత ఒంట్లో ఎంత విషం చేరిందో కొలిపించుకుంటానని ఆమే అడిగింది. అవసరం లేదని బృందం డాక్టరు చెప్పినా వినలేదు. తోడుగా నేనూ వెళ్ళాను. మొదటి కొబ్బరిబోండాం ఎత్తినప్పుడు సగం నీళ్ళు ఆమె మెడ మీదే పోయాయి. రోజూ పొద్దున్నే గొంతు తడుముకునేది. ఒక మధ్యాహ్నం గాలికి గులక మీది తెల్లటి దుమ్ము లేచింది. పిన్ని పరుగున వచ్చి నన్ను గోడకు నొక్కి, చాప కప్పి, తనూ దూరింది. గాలి ఆగాక కూడా చాలాసేపు బయటికి రానివ్వలేదు. నలభయ్యేళ్ళదాన్ని, నేనూ చాప అంచు వదల్లేదు.

మజురోకు తిరిగొచ్చాక కొలిచే యంత్రం ముందు కుర్చీలో పావుగంట కూర్చుంది, కళ్ళు మూసుకుని. వచ్చిన అంకె హద్దుకు చాలా కిందే ఉందని డాక్టరు చెప్పాడు.

"ఆ హద్దు గీసిందెవరు బాబూ?"

"మాలాంటివాళ్ళే."

"మీ పాపకు అక్కడి కాయ తినిపిస్తావా?"

"దక్షిణపు దీవిదైతే తినిపిస్తానమ్మా. ఉత్తరానిది తినిపించను," అన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో అందరూ పిన్ని నోటి వంకే చూశారు. దక్షిణం గురించీ ఉత్తరం గురించీ డాక్టరు అన్న మాటలు రెండూ చెప్పింది. "అంకె చిన్నదే. నా భయం మాత్రం తగ్గలేదు. వెళ్ళేవాళ్ళు ఈ రెండూ తెలుసుకుని వెళ్ళండి," అని కూర్చుంది.

మామయ్య, ఇంకో నాలుగు కుటుంబాలూ వెళ్ళారు. పిన్ని వెళ్ళలేదు.

మరుసటి ఏడు మామయ్య ఓడలో సీమపనసకాయలు పంపాడు. వండబోతుంటే పిన్ని నా చేతిలోంచి లాక్కుని, రెండింటిని పరీక్షకు పంపింది. జవాబు పది రోజులకు వచ్చింది, తినొచ్చని. అప్పటికి మిగిలినవన్నీ కుళ్ళిపోయాయి.