ఆదివారపు వేడి తువాలు

వేడినీళ్లలో ముంచి పిండిన తువాలు మెడ మీద వేసుకోగానే సబ్బూ, నూలూ కలిసిన ఆవిరి వాసన లేస్తుంది. ఆ వాసనకు నేను చేసిన వైద్యమంతా కళ్ల ముందుకొస్తుంది. మాత్ర మింగించకుండా తలనొప్పి పోగొట్టడంలో యూనివర్సిటీ మొత్తానికి నన్ను మించినవాడు లేడు. సీతాఫల్‌మండి నుంచి కూడా మనుషులు వచ్చేవారు. ఒక వైస్ ఛాన్సలర్‌గారి తల ఈ చేతుల్లోనే తేలికపడింది.

సరే, వైస్ ఛాన్సలర్ కాదు, ఆయన డ్రైవరు. సీతాఫల్‌మండి నుంచి వచ్చింది మా బావమరిది ఒక్కడే, అదీ వేరే పని మీద. నేను నమ్మకంగా వైద్యం చేసింది ఒక్క మనిషికి. నాకు నేర్పిందీ ఆ మనిషే.

సుగుణ మేడం పరీక్షల విభాగంలో మా సెక్షన్ సూపరింటెండెంటు. కడప మనిషి. ఫలితాలు ఇచ్చే రోజుల్లో మార్కుల మీద వంగి వంగి, మధ్యాహ్నానికి నా తల చుట్టూ ఎవరో తాడు బిగించినట్టుండేది. ఒకరోజు మాత్ర కోసం సొరుగు వెతుకుతుంటే ఆవిడ చూసింది. పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోమంది. నా నెత్తి మీది ట్యూబులైటు ఆర్పించింది. ఫ్లాస్కులో వేడినీళ్లతో చేతిరుమాలు తడిపి, పిండి, మెడ వెనక పరిచింది. భుజాలు చెవులదాకా ఎక్కాయి, దించమంది. దించాను. నొప్పి కదల్లేదు.

"పండ్లు కొరుక్కుంటాండావే యాదగిరీ, ఎవురి మీద కోపం? వదులు."

పళ్లు బిగించి ఉన్నానని అప్పటిదాకా నాకే తెలియదు. వదిలాను. కాసేపటికి తాడు సడలింది.

తర్వాత ఆవిడా రిటైరైంది, నేనూ అయ్యాను. ఆ మరుసటి ఏడు నా భార్య లక్ష్మి పోయింది. చుట్టాలు వెళ్లిపోయాక విద్యానగర్ ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాను. ఫోను ఎత్తేవాణ్ణి కాదు. పొద్దున టీకి గ్లాసులు రెండు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టేవాణ్ణి. అట్లాంటి ఒక ఆదివారం మేడం చెల్లెలు పార్వతమ్మ ఆటోలో వచ్చి తలుపు కొట్టింది. అక్కకు తలనొప్పి పట్టుకుందనీ, మాత్రలు పడవనీ, నన్ను రమ్మంటున్నదనీ చెప్పింది. చాలా రోజులకు ఉతికిన చొక్కా వేసుకున్నాను.

అది మొదలు ప్రతి ఆదివారం తార్నాకలో మేడం ఇంటికి. మేడం నాకు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి కూర్చునేది. నేను తువాలు వేసి, మెడ మెల్లగా ఒత్తుతూ, ఆవిడ పాఠం ఆవిడకే అప్పజెప్పేవాణ్ణి. భుజాలు దించండి మేడం, పళ్లు వదలండి మేడం. ఒక్కోసారి ఆ మాట మధ్యలోనే నాకు ఏడుపొచ్చేసేది. ఆవిడ వెనక్కి తిరిగి చూసేది కాదు. కన్నీళ్లు తుడుచుకుని, తగ్గిందా అని అడిగేవాణ్ణి.

"ఇంగా రవ్వంత ఉండాది. వచ్చే ఆదివారం రా."

పోయిన వానాకాలం ఆవిడ నిద్రలోనే వెళ్లిపోయింది. ఇప్పుడు ఆదివారాలు నీళ్లు నాకోసమే కాచుకుంటాను. పళ్లు వదలమని చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు. అయినా పైకే చెబుతాను. చివరి రోజుల్లో ఆవిడ నొప్పి తీర్చినవాణ్ణి నేను. ఇది మాత్రం పెంచి చెప్పింది కాదు.

ఇంతవరకూ రాసి, మొన్న పార్వతమ్మకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"అక్కకు తలనొప్పి ఏనాడుండె నాయనా? ఇంగొకర్ని పండ్లు వదలమని చెప్పల్లంటే ముందు యాదగిరి పండ్లు వదలల్ల కదా అనేది. నీ తువాలు సుర్రుమని కాలేది ఆమెకు. ఓర్చుకుంటాండె."