రేకుడబ్బాకు ప్రార్థన

ముందుగా, చేతులకు పని నేర్పిన దేవునికి స్తోత్రం. బంగారం పోత పోసేవానికీ, మేకవెంట్రుకలు వడికే ఆడవాళ్లకూ ఒకే ఆత్మనిచ్చినవానికి మహిమ. నా వేళ్లకు స్క్రూడ్రైవర్ పట్టే నేర్పు ఇచ్చింది ఆయనే, ఎవరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను పెనుకొండ నుంచి రోజూ రైల్లో ధర్మవరం పోయి, ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేసేదాన్ని. కెమెరా క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కర్లేనివి కోసేసి, పేర్లు తిప్పి, పూలు రాల్చి, పాటలు కలపడమే మిక్సింగ్. అక్కడి కంప్యూటర్‌కు ఒకటే హార్డ్ డిస్కు. ప్రోగ్రాములూ వీడియోలూ అన్నీ దానిమీదే. క్యాసెట్ ఎక్కేటప్పుడు అది అందుకోలేక మధ్యలో బొమ్మలు జారిపోయేవి. ఒకసారి సరిగ్గా తాళి కట్టేచోటే జారిపోయాయి. పెళ్లికొడుకు చేతులు మెడ దాకా వెళ్లాయి, మరుక్షణం అక్షింతలు పడుతున్నాయి. మళ్లీ ఎక్కిద్దామంటే ఆ క్యాసెట్‌మీద అప్పటికే ఇంకో పెళ్లి తీసేశారు. పెళ్లికూతురు తల్లి స్టూడియోకు వచ్చి ఏడ్చింది.

ఓనరు నన్ను చూపించి, "ఈ పాప కునుకు తీసింటాది" అన్నాడు. రెండో డిస్కు పెట్టమని ఆరునెలలుగా అడుగుతున్నది నేనే. ఆ మాట గుర్తు చేస్తే, "ఆడపిల్లవు, మౌసు పట్టుకో సాలు. డబ్బా లోపల సంగతి నీకెందుకు?" అన్నాడు.

ఆ వారమే పని మానేశాను. సొంతంగా కంప్యూటర్ బిగించుకుని ఇంట్లోనే మిక్సింగ్ చేస్తానన్నాను. పెనుకొండలో ఆటో నడిపే మా నాయన నన్నెప్పుడూ ఆపింది లేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. "సంఘపెద్ద ప్రార్థన చేస్తేనే ఆ మిషను మన ఇంట్లో ఉంటాది. ల్యాకుంటే నువ్వు మళ్లా ధర్మవరం రైలెక్కాల్సిందే."

మా సంఘంలో కొత్త వస్తువు ఏది కొన్నా, కుట్టుమిషనైనా, ఎద్దుల బండైనా, ఆదివారం మందిరానికి తెచ్చి ప్రార్థన చేయించుకున్నాకే వాడతాం. పాస్టరుగారు నెలకొకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఆరాధన నడిపేది సంఘపెద్దే. నాకు సండేస్కూల్లో వాక్యం నేర్పింది కూడా ఆయనే. అరణ్యంలో దేవుని కోసం కట్టిన గుడారం గురించి ఆయన చెప్పిన పాఠం నాకు ఇప్పటికీ కంఠతా. లోపల బంగారం, నీలధూమ్రవర్ణాల తెరలు. బయట కప్పింది మేకవెంట్రుకలు, తోళ్లు. దారిన పోయేవాడు చూస్తే అదొక మామూలు డేరా.

ఆ పాఠం పట్టుకునే హిందూపురం వెళ్లాను. అక్కడి షాపతను బెంగళూరు నుంచి విడిభాగాలు తెప్పించి ఇచ్చేవాడు. నీలం లైట్లు వెలిగే కేబినెట్ నా ముందుకు నెట్టాడు.

"ఇది పెట్టుకో పాపా, ఇంటికొచ్చినోళ్లు నోరెళ్లబెడతారు."

"నాకు ఆ పాత రేకుది చాలన్నా. పవర్ సప్లై మాత్రం బరువైంది ఇయ్యి."

"బరువు చూసి కొనేదానికి ఇదేమన్నా గుమ్మడికాయనా?"

"తేలికవాటిల్లో లోపల ఏమీ ఉండదని నీకూ తెలుసు."

అతను నవ్వి, బరువైనదే తీశాడు. ప్రోగ్రాములకొక డిస్కు, వీడియోకొక డిస్కు. కెమెరా నుంచి నేరుగా బొమ్మ తెచ్చుకునే ఫైర్‌వైర్ కార్డు. అక్షరాలు తిప్పేటప్పుడు ఆగి ఆగి నడవకుండా రెండు ర్యామ్ ముక్కలు. మానిటర్ సెకండ్‌హ్యాండ్‌ది, స్పీకర్లు చిన్నవి.

"దుడ్లన్నీ లోపల పోసినావు, బయట చూస్తే రేకుడబ్బా" అన్నాడు.

"నాకు కావాల్సిందీ అదే."

"సరే, ఈడే బిగించి ఒకసారి ఆన్ చేసి చూసుకో."

"నేనే బిగించుకుంటా. ప్రార్థన కాకుండా మేము స్విచ్ వెయ్యం."

అతను తల పట్టుకున్నాడు. "దేవుడా! మళ్లా వచ్చి నన్ను అనొద్దు తల్లీ."

ఇంటి వరండాలో చాప పరిచి అన్నీ నేనే బిగించాను. స్విచ్ జోలికి పోలేదు. ఆదివారం నాయన ఆటోలో, డబ్బాను ఒళ్లో, మానిటర్‌ను పక్కన పెట్టుకుని మందిరానికి తీసుకెళ్లాను. ఆ గుంతల రోడ్డుమీద డబ్బా ఎగిరెగిరి పడుతూనే ఉంది.

ఆరాధన అయ్యాక రెండింటినీ బల్లమీద పెట్టి వైర్లు కలిపాను. సంఘపెద్ద చుట్టూ తిరిగి చూశాడు.

"పెళ్లిళ్లకు సినిమా పాటలు కలిపే ఈ రేకుడబ్బాకు దేవుని మందిరంలో ప్రార్థనా?"

"గుడారానికి బయట కప్పింది మేకవెంట్రుకలేనని మీరే చెప్పినారు పెద్దయ్యా."

"వాక్యం నాకే అప్పజెప్తాండావా? సరే, అందరి ముందర నడిపి చూపించు. నడిస్తే చేస్తా."

స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తర్వాత బీప్, బీప్ అని అరుపు. తెర నల్లగానే ఉంది. నాయన తల దించుకున్నాడు.

"చూసినావా?" అన్నాడు పెద్దాయన. "దేవుడే వద్దంటాండాడు."

నాకు ఒళ్లు మండింది. "దేవుడేమీ అనలేదు పెద్దయ్యా. అరుస్తాండేది ర్యామ్."

ఆడవాళ్ల చాపల వైపు కిసుక్కున నవ్వులు. నేను ప్లగ్ పీకి, బైబిలు సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాను. మందిరంలో, ముసుగు జారకుండా ఒక చేత్తో పట్టుకుని, డబ్బా పక్కరేకు విప్పాను. కుదుపులకు రెండు ర్యామ్ ముక్కలూ ఒక చివర పైకి లేచి ఉన్నాయి. సండేస్కూలు పిల్లల దగ్గర రబ్బరు అడిగి తీసుకుని, వాటి కొసలు రుద్ది, టక్కుమనేదాకా నొక్కాను. ముందే ఒకసారి నడిపి చూసుకోకపోవడం నా తప్పే. పరీక్షించి చూడటం అవిశ్వాసం కాదని ఆ బల్ల ముందే నేర్చుకున్నాను. కానీ వదులైన ర్యామ్‌ను దేవుని మాటగా చదవడం అంతకన్నా పెద్ద తప్పు.

మళ్లీ స్విచ్. ఒక్కటే బీప్. నల్ల తెరమీద తెల్ల అక్షరాలు.

"ఏమని రాసిండాది?" అన్నాడు పెద్దాయన.

"రెండు డిస్కులూ కనిపిస్తాండాయంట. లోపల ఇంకా ఏమీ లేదంట."

"ఏమీ లేనిదానికి ప్రార్థనా?"

"ఏమీ లేనప్పుడే కదా పెద్దయ్యా, దేవుడు పని మొదలుపెట్టింది."

ఆయన బల్ల దగ్గరకు జరిగాడు. తర్వాత ఆ రేకుమీద చెయ్యి వేసి కళ్లు మూశాడు. మంచి ప్రార్థనే చేశాడు. నా చేతుల కోసం, మా నాయన ఆటో కోసం కూడా చేశాడు. చివర్లో మాత్రం, "ప్రభువా, దీంట్లోకి ఒక్క సినిమా పాట కూడా రానియ్యొద్దు" అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. నేను అనలేదు. నాయన ఓరకంట చూసి, పెదవి కొరుక్కున్నాడు, నవ్వు రాకుండా.

మిషను ఇంటికి వచ్చింది. నేను మళ్లీ ధర్మవరం రైలెక్కలేదు. ధర్మవరం పెళ్లిళ్లే నా దగ్గరకు వచ్చాయి. అడిగినవాళ్లకు అడిగిన పాట కలిపాను. ఏ తల్లికీ కూతురి తాళి బొమ్మ జారిపోలేదు.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి కళ్లు మూయండి. మౌసు పట్టుకో చాలు అనిపించుకున్న ప్రతి ఆడపిల్ల చేతికీ ఒక స్క్రూడ్రైవర్ దొరకాలని అడుగుదాం. బయటి రేకును చూసి తీర్పు చెప్పేవాళ్లకు లోపలిది చూసే కళ్లు ఇమ్మని అడుగుదాం. ఈ ప్రార్థనకైతే నేను గట్టిగానే అంటాను. ఆమెన్.