సరిగ్గా ఉన్న వాక్యాలు

లిఫ్టు కదిలినప్పుడల్లా గోడ వెనక దాని బరువుకు సరితూగే ఇనుప దిమ్మెలు కదులుతాయి. ఎక్కేవాళ్లకు కనిపించవు. కొన్నేళ్లుగా నాలోనూ అలాంటి బరువొకటి ఉంది. మొదటిసారి మీకు చెబుతున్నాను.

మారేడ్‌పల్లిలో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో నేనూ, నరేశ్ అనుకోండి, ఇద్దరం ఇంజినీర్లం. అతను మల్కాజ్‌గిరి నుంచి వచ్చేవాడు. తెలుగు మీడియం. కస్టమర్లకు పంపే రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉండాలి. చేరిన కొత్తలో నాకు చూపించి పంపేవాడు. నిజంగానే తప్పులుండేవి. దిద్దాను. అంతవరకు నేను మంచివాణ్ణే.

తప్పులు తగ్గాయి. ఒకరోజు అసలే లేవు. సంతోషించాలి కదా? భయం వేసింది. ఇక నా దగ్గరికి రాడు. సరిగ్గా ఉన్న రెండు వాక్యాలు మార్చి, ఇలా రాస్తే కస్టమర్లు నవ్వుతారన్నాను. అతని ముఖం వాడిపోయింది. ఆ తరవాత ప్రతి రిపోర్టులో సరైనదేదో ఒకటి తప్పంటూ వచ్చాను. చివరికి ‘రేపు వస్తాం’ అని రాయడానికీ నన్నే అడిగేవాడు.

అతన్ని టీమ్ లీడర్‌ను చెయ్యాలనుకున్నారు. ముందు రాంగోపాల్‌పేట్‌లో ఒక కస్టమర్ ఎదుట ఇంగ్లిష్‌లో మాట్లాడమన్నారు. చెప్పబోయే మాటలు అక్కణ్ణుంచే నాకు పంపి, కరెక్టేనా అని అడిగాడు. కరెక్టే. చూశాను. జవాబివ్వలేదు. పనిలో ఉన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పనేమీ లేదు. ఫోన్ చేతిలోనే ఉంది. అతను అక్కడ నోరు విప్పలేదట. ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది.

తరవాత ఒక సాయంత్రం, టీ తాగుతూ అడిగాడు.

“అన్నా, మా ఇంటామె ఏందేందో అంటున్నది. మీ అన్న, తను లేకుంటే నీకు నోరే లేకుంట చేసిండు అంటది. మనిషిని గట్ల మన మీదనే ఆధారపడేటట్టు చేస్తే ఇంగ్లిష్‌ల ఏమంటరు?”

“మెంటరింగ్ అంటారు.”

“మంచి మాటేనా?”

“మంచి మాటే.”

“గదే చెప్త. ఊకెనే పరేషాన్ అయితది.”

కనిపెట్టింది ఆమె ఒక్కతే. ఆమె నోరూ మూయించాను, అతని చేతే.

అప్పటి నుంచి సరైన మాట వెతుకుతున్నాను. ‘కంట్రోల్’ మేం యంత్రాలకు వాడతాం. ‘డిపెండెన్సీ’ అంటే పడిపోయినవాడు కనిపిస్తాడు, తోసినవాడు కనిపించడు. అసలైనది ఇంగ్లిష్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది. దొరికితే దాని వెనక దాక్కోవడానికేనా ఈ వెతుకులాట?

నిన్న కూడా రిపోర్టు పంపాడు. తప్పుల్లేవు. ఒక వాక్యం మార్చాను.

చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే. ఇది తెలుగులో రాశాను. నరేశ్ నన్ను అడక్కుండా చదవగలడు.